మస్కట్ వరండాలో మా వియ్యంకుడు

పోయిన గురువారం పొద్దున పదిన్నరకు మా వియ్యంకుడు పోయారు. బొంబాయి కామాటిపుర ఎనిమిదో గల్లీలో, తాను పుట్టిన ఒంటిగదుల చాల్‌లోనే, రెండో అంతస్తు గ్యాలరీలో కుర్చీ వేసుకుని కూర్చుని టీ అడిగారట. మా వియ్యపురాలు టీ వడబోసి తెచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. "నిద్ర వట్టిందేమో అనుకున్న వదినె. టీ చల్లారుతదని లేపిన," అంది ఆవిడ నాతో. కబురు తెచ్చింది వాళ్ల పక్క గదిలో ఉండే ఆవిడ. నేనుండేది పదకొండో గల్లీ. మా ఇంటి నుంచి వాళ్లింటికి నడిస్తే ఏడు నిమిషాలు. ఆ రోజు ఎంతసేపు పట్టిందో చూసుకోలేదు.

ఆయన వయసు ఎంతో ఎవరికీ సరిగ్గా తెలియదు. రేషను కార్డులో అరవై ఎనిమిది అని ఉంది. ఆయన మాత్రం డెబ్బై అయిదు అనేవారు. పెళ్లినాటికి ఏ బిల్డింగు పని నడుస్తోంది, పెద్ద కొడుకు పుట్టినప్పుడు ఏ బిల్డింగు స్లాబు పడింది అని అడిగి నేను లెక్క వేస్తే డెబ్బై ఒకటి తేలింది. "నాలుగేండ్లు ఎటువోయినయి చెల్లె?" అని అడిగారు. పోయినవి దొరికేదాకా నా లెక్కకు ఒప్పుకోనన్నారు.

ఆయన్ని గురించి మన తెలుగు సంఘం పత్రికకు నాలుగు మాటలు రాయమన్నారు. చదివేవాళ్లలో చాలామందికి ఆయన తెలుసు. ఫోరస్ రోడ్ నుంచి గ్రాంట్ రోడ్ దాకా మన వాళ్ల ఇళ్లలో ఏదో ఒక గోడకు ఆయన చెయ్యి తగిలే ఉంటుంది. మేస్త్రిగా అందరికీ తెలిసిన సంగతులు నేను మళ్లీ చెప్పనక్కర్లేదు. మీకెవరికీ తెలియనిది ఒకటి ఉంది. దాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసినదాన్ని నేను, నేనూ చెప్పలేదు. ఇవాళ రాస్తున్నాను.

ముందు మా పరిచయం. నేను మునిసిపల్ తెలుగు బడిలో టీచరుని. మా ఆయన పోయాక మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజులు. వీళ్ల రెండో అబ్బాయి సివిల్ డిప్లొమా చదివి, మస్కట్‌లో ఒక కట్టడాల కంపెనీలో సూపర్‌వైజరుగా చేరాడని విని కబురంపాను. ఒక ఆదివారం ఆయన ఒక్కరే వచ్చారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. తలెత్తి కప్పు వంక చూస్తూ గదంతా ఒక చుట్టు తిరిగి, "ఈ మూలకు వానకాలం నీళ్లు దిగుతయి గద," అన్నారు. దిగుతాయి. కానీ పిల్లను చూడడానికి వచ్చిన మనిషి అడగవలసిన మాట అది కాదు. నాకు నచ్చలేదు. ఆ సంగతి దాచుకోలేదు కూడా. టీలో పంచదార తక్కువే వేశాను.

పై ఆదివారం థాపీ, చిన్న తట్ట, అరబస్తా సిమెంటు తీసుకుని మళ్లీ వచ్చారు. సంబంధం సంగతి ఇంకా తేలలేదు కదా, ఇప్పుడెందుకు ఇదంతా అన్నాను.

"సంబంధం కుదిరినా కుదరకున్నా నీళ్లయితే దిగుతయి గద చెల్లె."

ఆయన నన్ను చెల్లె అనడం అదే మొదలు. వియ్యం అందుకోకముందే వరస కలిపేశారు. ఆ మూల ఇప్పటికీ తడవలేదు.

మనవరాలు పుట్టినప్పుడు బట్టలకని మా గదిలో ఒక అలమరా పెట్టించాను. ఆయన టేపు వాడరు. జానెడు, మూరెడు, బెత్తెడు, అంతే. వడ్రంగికి కొలతలు నోటితో చెప్పేసి వెళ్లిపోయారు. నేను బడి నుంచి నా చెక్క స్కేలు తెచ్చి కొలిచి, మర్నాడు పిలిపించాను.

"అన్నా, అర అంగుళం తేడా ఉంది."

ఆయన స్కేలు తీసుకుని, వేలితో దాని చివర తడిమి చూశారు. "ఇది ఎన్నేండ్ల నుంచి పోరగాండ్లను కొడ్తున్నది చెల్లె? మూల అరిగింది."

కింద దర్జీ దగ్గర టేపు తెప్పించి కొలిచాను. ఆయన చెప్పిందే సరి. మర్నాడు బడికి కొత్త స్కేలు కొనుక్కున్నాను. పాతదాన్ని ఏం చేశానని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

ఇక అసలు సంగతికి కావలసిన అలవాటు ఒకటి చెప్పాలి. పనిలోకి రేతి బండి, అదే ఇసుక బండి, రాగానే ఆయన గుప్పెడు తీసి, అందులో చిటికెడు నాలుక మీద వేసుకునేవారు. కాసేపు నోట్లో ఆడించి ఉమ్మేసి, "కడగాలె" అనో "నడుస్తది" అనో చెప్పేవారు. సముద్రం పాయల్లోంచి తీసిన రేతిలో ఉప్పు ఉంటుంది. మంచినీళ్లతో కడగకుండా దాన్ని గోడలకూ కప్పుకూ పూసే గిలాబులో కలిపితే గోడ ముందు తెల్లగా పూస్తుంది, తర్వాత పట్టు వదిలేస్తుంది. మన పాత మేస్త్రీలందరికీ ఈ అలవాటు ఉండేది. వీళ్ల నాన్న కూడా అలాగే చూసేవాడట. "గింత రేతి తింటే నీకు పగటి బువ్వ ఎందుకు?" అని కాంట్రాక్టర్లు నవ్వేవారట. నవ్వినవాళ్ల బిల్డింగులు ఏవో, నవ్వనివాళ్లవి ఏవో మన గల్లీల్లో నడుస్తూ వేలు పెట్టి చూపించేవారు.

మా అమ్మాయి కాపురానికి వెళ్లిన అయిదో ఏడు అల్లుడు రెండు టిక్కెట్లు పంపాడు. వాళ్ల కంపెనీలో పెద్దలంతా ఇంగ్లండు వాళ్లు కావడంతో క్రిస్మస్‌కు పది రోజులు పని మూసేస్తారు. నా బడికీ అవే సెలవులు. ఇంకో మూడు రోజులు సెలవు పెట్టుకున్నాను. రెండో టిక్కెట్టు నిజానికి మా వియ్యపురాలిది కావలసింది. కానీ ఆవిడ ఖచ్చితంగా చెప్పేసింది. "కింద ఏం వట్టుకోని ఉంటదో చెప్పుండ్రి, అప్పుడు ఎక్కుత. గాలిల తేలే దాంట్ల నేను కూసోను."

అలా మేమిద్దరం బయలుదేరాం. ఆయన ఎప్పుడో కుట్టించుకున్న కోటు వేసుకున్నారు. విమానాశ్రయంలో వరుసలో మా ముందు నిలబడ్డ సూటు మనిషి ఒకాయన నా చేతిలోని ఫారం మీద కామాటిపుర అన్న అడ్రసు చదివి, ఒకసారి నన్నూ ఒకసారి ఆయన్నీ చూసి నవ్వాడు. మన గల్లీలంటే చెడ్డ ఇళ్లే గుర్తొచ్చేవాళ్ల నవ్వు, మనందరికీ తెలిసిందే. నేను ఫారం మడిచేశాను. ఆయన మాత్రం హిందీలో నెమ్మదిగా, "మా తాత ఈ ఊరికి రాళ్లు మొయ్యనీకి వచ్చిండు సాబ్. మా కామాటోళ్ల పేరు మీదనే ఆ గల్లీలకు పేరు వడ్డది. మీ గల్లీకి ఎవరి పేరు ఉన్నది?" అని అడిగారు. సూటు మనిషి ముందుకు తిరిగిపోయాడు.

మస్కట్‌లో మొదటి నాలుగు రోజులు సుఖంగా గడిచాయి. అమ్మాయి సెలవులకని ఒక చిన్న ప్లాస్టిక్ చెట్టు కొంది. నాలుగేళ్ల మనవరాలు దానికి రంగు కాగితాలు కట్టేది, తాత వాటిని విప్పి గాలిపటం చేసేవారు, అది ఏడ్చేది, మళ్లీ కట్టేవారు. పొద్దున టీ తాగగానే ఆయన ఊరు చూడడానికని వెళ్లేవారు. చూసేది కట్టడాలనే. మూడో రోజుకే మహబూబ్‌నగర్ నుంచి పనికి వచ్చిన తొమ్మిది మంది కూలీల పేర్లు, ఊళ్లు, ఎవరికి ఎందరు పిల్లలో నాకు అప్పజెప్పారు. నేను ఇల్లు కదల్లేదు. అమ్మాయి వంటింట్లో డబ్బాలు వరసగా పెట్టి లేవు. ఆ పని పెట్టుకున్నాను.

పండగ నాడు మధ్యాహ్నం అల్లుడి పైఅధికారి అయిన పెద్ద ఇంజినీరు మమ్మల్ని భోజనానికి పిలిచాడు. కంపెనీ తన ఉద్యోగుల కోసం కొత్తగా ఆరు ఇళ్లు కట్టింది. ఆ పని చేయించింది మా అల్లుడే. మొదటి ఇంట్లో పెద్ద ఇంజినీరు అప్పటికే దిగాడు. తక్కిన వాటిలోకి కొత్త ఏడాదిలో కుటుంబాలు రావాలి. ఆయన తొందరపడి దిగడానికి కారణం ఉంది. ఇంగ్లండు నుంచి ఆయన ముసలి తల్లి సెలవులకు వచ్చింది. ఆవిడను కొత్త ఇంట్లో ఉంచాలని ఆశ. వాళ్లదీ మాలాంటి సంగతే.

బల్ల వరండాలో వేశారు. నడి మధ్య పెద్ద పళ్లెంలో ఒక పక్షిని నిండుగా కాల్చి పెట్టారు. మా వియ్యంకుడు దాన్ని కాసేపు చూసి, నా వైపు వంగి, "ఇది కోడి గాదు చెల్లె. కోడికి మేనమామ," అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. అందరూ నన్ను చూశారు. పండగ చాలా బాగుంది అంటున్నారని ఇంగ్లీషులో చెప్పాను.

తర్వాత ఆయన మామూలుగానే తలెత్తి కప్పు వంక చూశారు. చూసినవారు చూపు దించలేదు. లేచి మూలకు వెళ్లారు. అక్కడ కప్పూ గోడా కలిసేచోట నూగులాగా తెల్లగా ఏదో పూసి ఉంది. బొటనవేలి గోటితో గీకి, ఆ వేలు నాలుకకు రాసుకున్నారు. పరాయివాళ్ల ఇంట్లో, పండగ బల్ల దగ్గర. మా అమ్మాయి మొహం ఎర్రబడింది. అల్లుడి మొహం పాలిపోయింది. ఆ తేడా నాకు అప్పుడే తట్టవలసింది.

ఆ మూలనే, సరిగ్గా ఆ కప్పు కిందనే, పేము కుర్చీలో ఆ ఇంటి ముసలావిడ కూర్చుని ఉంది. ఆయన ఆవిడకు రెండు చేతులూ జోడించి, కుర్చీ వెనక్కు వెళ్లి, ఆవిడతో సహా కుర్చీని నాలుగడుగులు ఇవతలికి జరిపేశారు. చెంచాల చప్పుడు ఆగిపోయింది. ముసలావిడ మాత్రం ఏదో ఆట అనుకున్నట్టు పకపకా నవ్వింది.

"ఏమంటున్నారు ఈయన?" అని పెద్ద ఇంజినీరు నన్ను అడిగాడు.

ఆయన నాతో అన్నది ఒకటే మాట. "ఉప్పు."

నేను అల్లుడి మొహం చూశాను. చూసి, ఇంగ్లీషులో ఇలా చెప్పాను: "ఆ మూల గాలి విసురుగా ఉంది, పెద్దవారికి జలుబు చేస్తుందేమో అంటున్నారు." ఇంటివాళ్లు ఎంతో సంతోషించారు. లోపలి నుంచి శాలువా తెచ్చి ఆవిడకు కప్పారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆయన ముందు సీట్లో కూర్చున్నారు. సగం దారిలో ఆయన వెనక్కు తిరిగి, "చెల్లె, నేనొక్క మాట అంటిని. నువ్వు దానికి అంత పొడుగు ఎట్ల చెప్తివి?" అన్నారు.

ముప్పై ఏళ్లు పిల్లలకు ఉన్నది ఉన్నట్టు చెప్పమని నేర్పినదాన్ని. కారు కిటికీ అద్దం దించుకున్నాను.

ఇంటికి వచ్చాక కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. గొంతు పెంచలేదు.

"రేతి ఎక్కడిది బిడ్డా?"

"సముద్రం ఒడ్డు దిక్కుకెల్లి వచ్చింది నాయినా. మూడిండ్లకే. మిగిలిన మూడింటికి మంచి రేతే."

"నోట్ల ఏస్కోని చూసినవా?"

"ఇక్కడ ఎవ్వరు గట్ల చూడరు. పరీక్షకు పంపుతరు. కాగితం రానీకి నాలుగు దినాలు వడ్తది. దొర తల్లి వస్తున్నదని తొందర వెట్టిండు. సంతకం వెట్టిన."

"కాగితం రాకుంటే రాకపాయె. నాలుక నీతోనే ఉన్నది గద."

అల్లుడు తల దించుకున్నాడు. "ఇంజినీర్లు, ఫోర్‌మన్లు అందరు నిలవడి ఉన్నరు నాయినా. అంతమందిల మట్టి నోట్ల ఏస్కుంటే, కూలోని కొడుకు అని నవ్వుతరు."

"కూలోని కొడుకువు కావు, మేస్త్రి కొడుకువు," అన్నారు ఆయన. మళ్లీ ఆయనే, "నవ్వితే నవ్వనియ్యాల్సింది," అన్నారు.

రేపు పొద్దున వెళ్లి పెద్ద ఇంజినీరుకు చెప్పమన్నారు. అప్పుడు మా అమ్మాయి ఏడ్చింది. అల్లుడి ఉద్యోగం ఒప్పందం ఆ నెలాఖరుతో ముగుస్తుంది. కొత్త ఒప్పందం మీద పెద్ద ఇంజినీరే సంతకం చేయాలి. "ఇప్పుడు చెప్తే ఇంటికి పంపిచ్చేస్తరు మామా. ఈ పిల్లను తీసుకోని మళ్ల ఆ ఒక్క గదిలకు రావాల్నా?" అంది.

నేను అమ్మాయి వైపే మాట్లాడాను. అది దాచను. తక్కిన రెండు ఇళ్లలోకి కొత్త ఏడాది దాకా ఎవరూ రారు. సంతకం అయ్యేది ఆరు రోజుల్లో. ఏడో రోజు చెబితే ఎవరికీ నష్టం లేదు. రోజులతో సహా ఇదంతా వేళ్ల మీద లెక్కపెట్టి వివరించాను.

"మరి ఆ ముసలామె?"

"ఆవిడను ఆ మూలకు పోకుండా ఏదో ఒకటి చెబుదాం అన్నా."

"ఆరు దినాలు గాలి వీస్తనే ఉంటదా చెల్లె?"

అని లేచారు. మనవరాలిని ఎత్తుకుని లోపలికి వెళ్లారు.

మర్నాడు లేచి చూస్తే ఆయన పక్క చుట్టేసి ఉంది. చెప్పులు లేవు. పనివాళ్ల దగ్గరకు వెళ్లారేమోనని ఎనిమిది దాకా చూశాం. తర్వాత నేనూ అల్లుడూ కారులో వెతకడానికి బయలుదేరాం. ఎక్కడ వెతకాలో ఇద్దరికీ తెలుసు. దారిలో ఆ మాట ఇద్దరం అనుకోలేదు. పెద్ద ఇంజినీరు ఇల్లు అక్కడికి మూడు మైళ్లు. అంత దూరమూ ఆయన నడిచారు.

తోటలో ఎండలో పేము కుర్చీ వేసి ఉంది. అందులో ముసలావిడ, పక్కన మెట్టు మీద మా వియ్యంకుడు. మధ్యలో గిన్నె. ఇద్దరూ బటానీలు ఒలుస్తున్నారు. ఆవిడ ఇంగ్లీషులో ఏదో చెబుతోంది. ఈయన తెలుగులో, "ఔ, ఔ, మా ఇంట్ల గూడ గంతే," అంటున్నారు. మమ్మల్ని చూసి నాతో, "చెప్పనీకి నా తాన మాటలు లేవు. కుర్చీ ఎత్తుకోని ఎండల ఏసిన. ఈమెకు ఎండంటే ఇష్టమే," అన్నారు. కొడుకును పిలవలేదు. వాడి వైపు చూడలేదు కూడా. మళ్లీ గిన్నెలోకి వంగి ఒలుస్తున్నారు. ఆయన దగ్గర తొక్కల కుప్ప ఒక పక్కన చక్కగా పేర్చి ఉంది. అంటే చాలాసేపటి నుంచి అక్కడే ఉన్నారన్నమాట. మేము రాకపోతే ఆ రోజంతా, సెలవులు అయ్యేదాకా, రోజూ వచ్చి ఆ కుర్చీని ఎండలోకి తెచ్చేవారని నాకు అర్థమైంది.

అల్లుడు తోటలో కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత మెట్లెక్కి వెళ్లి తలుపు దగ్గర ఉన్న పెద్ద ఇంజినీరుతో చెప్పాడు. మూడు ఇళ్ల గిలాబుకు ఉప్పు రేతి వాడాననీ, పరీక్ష కాగితం రాకముందే సంతకం పెట్టాననీ, తప్పు తనదేననీ. చెప్పేటప్పుడు అతని ఇంగ్లీషు తడబడింది గానీ విషయం తడబడలేదు. నీకెలా తెలిసిందని పెద్ద ఇంజినీరు అడిగితే తోటలోకి, తండ్రి వైపు, చెయ్యి చూపించాడు.

పెద్ద ఇంజినీరు ఆయన్ని పిలిచాడు. ఈసారి కూడా మధ్యలో నేనే. ఆయన ఎన్ని మాటలు అన్నారో అన్నే చెప్పాను. నిన్న గాలి మాట నేను కల్పించిందని కూడా చెప్పాను. ఇంజినీరు అడగకపోయినా చెప్పాను.

పెద్ద ఇంజినీరు చీపురుకర్ర తెచ్చి కప్పును తట్టాడు. రెండుచోట్ల గట్టిగా మోగింది. మూలకు రాగానే డొల్లగా మోగింది. ఇంకొకసారి తట్టేసరికి పెద్ద పళ్లెమంత పెళ్ల ఊడి నేల మీద పడి ముక్కలైంది. నిన్న మధ్యాహ్నం కుర్చీ కాళ్లు నాలుగూ ఉన్నచోటనే. అతను ఆ ముక్కల వంక చూశాడు, తోటలో తల్లి వంక చూశాడు. అల్లుడితో, "రేపు పొద్దున ఆరు గంటలకు రా," అని మాత్రం అని లోపలికి వెళ్లాడు.

ఆ రోజు మా అమ్మాయి భోజనం చేయలేదు. బీరువా మీంచి పెట్టెలు దించి, తుడిచి, మళ్లీ పైన పెట్టింది. ఆయన మనవరాలికి ముగ్గు పిండితో కొలతలు నేర్పారు.

మర్నాడు ఆరు గంటలకు పెద్ద ఇంజినీరు చెప్పింది ఇదీ: మూడు వరండాల గిలాబూ దించేయాలి, సెలవులు ముగిసేలోగా కొత్తది వేయాలి, పనివాళ్లు సెలవులో ఉన్నారు కాబట్టి ఎలా చేస్తావో నీ ఇష్టం. మరొకటి, నాన్నగారు చూడడానికి వచ్చిన వీసా మీద ఉన్నారు, ఆయన పనిముట్టు ముట్టుకోకూడదు. మా వియ్యంకుడు పేరుపేరునా కబురు చేస్తే మహబూబ్‌నగర్ కూలీలు నలుగురు వచ్చారు. అల్లుడు చొక్కా విప్పి వాళ్లతో కలిశాడు.

థాపీ పట్టుకుని అతనికి ఎన్నేళ్లయిందో. మొదటి రోజు కప్పుకు కొట్టిన గిలాబు సగం అతని మొహం మీదే పడింది. నలుగురూ నవ్వారు. తండ్రీ నవ్వారు. అల్లుడికి కూడా నవ్వొచ్చింది. నేను అన్నం డబ్బాలు తీసుకెళ్లి అక్కడే కూర్చునేదాన్ని. ఆయన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మధ్య నొక్కిపెట్టుకుని, "మీదికెల్లి కొట్టు... మణికట్టు తిప్పు... ఆగు, జెర తడి గుంజనియ్యి," అంటూ ఉండేవారు. "చేతులు ఊకుంటలేవు చెల్లె," అన్నారొకసారి నాతో. పని నడిచిన ఆ ఆరు రోజుల్లో ఆయన కష్టపడ్డది అందుకొక్కదానికే అనుకుంటాను. అయినా ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ముట్టుకోవద్దన్న మాట మాటే.

రేతిని ట్యాంకరు నీళ్లతో మూడుసార్లు కడిగారు. రెండోసారి కడిగాక పెద్ద ఇంజినీరు చూడడానికి వచ్చాడు. అల్లుడు అతని ఎదుటే చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఉమ్మేసి, "ఇంకొకసారి కడగాలె," అన్నాడు. పెద్ద ఇంజినీరు కూడా చిటికెడు వేసుకున్నాడు. మొహం వికారంగా పెట్టాడు గానీ నవ్వలేదు.

ఆఖరి రోజు ఒక కవరు ఇచ్చాడు. అందులో రెండు కాగితాలు. రెండేళ్లకు బదులు ఒక్క ఏడాదికి కొత్త ఒప్పందం ఒకటి. అల్లుడి తప్పు ఏమిటో వివరంగా రాసి, దీన్ని ఫైలులో ఉంచుతున్నామని చెప్పే ఉత్తరం ఇంకొకటి. రెండో కాగితం చూసి మా అమ్మాయి మళ్లీ ఏడ్చింది. మా వియ్యంకుడు దాన్ని చదివి వినిపించమని నన్ను అడిగారు. ఒక్క ముక్క వదలకుండా తెలుగులో చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని మొత్తం విన్నారు.

"బరాబర్ రాసిండు," అన్నారు.

కామాటిపురకు తిరిగి వచ్చాక గ్యాలరీలో కూర్చుని మస్కట్ కబుర్లు ఎన్నో చెప్పారు. కోడి మేనమామ కథ వినని ఇల్లు ఎనిమిదో గల్లీలో లేదు. మూడు వరండాల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కొడుకు పరువు పోతుందని కాదు. ఒకసారి నేనే అడిగితే, "సరిజేసినంక చెప్పనీకి ఏమున్నది?" అన్నారు. నేను గాలి వీచిందని చెప్పిన సంగతి మా వియ్యపురాలికి కూడా తెలియదు. ఈ పత్రిక చేతికి వస్తే ఎవరితోనో చదివించుకుని తెలుసుకుంటుంది. తెలుసుకోనివ్వండి.

నేను చదువుకున్నదాన్ని. పొరపాట్లు పట్టడం నా వృత్తి. ఆయన రెండో తరగతి దాటలేదు. పొరపాటు పట్టాక ఆ చేసినవాణ్ణి విడిచిపెట్టకుండా, వాడి పక్కనే బకెట్టు మీద కూర్చోవాలని మాత్రం నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు. నా చెక్క స్కేలు దెబ్బలు తిన్న పిల్లలు కొందరు ఇది చదువుతారు. వాళ్లకు ఈ సంగతి ముందే తెలుసు.

అల్లుడి ఒప్పందాన్ని మరుసటి ఏడాది మళ్లీ పొడిగించారు. ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం విమానం దిగి వచ్చాడు. అతను వచ్చేదాకా ఆయన్ని ఉంచాం.

ఆయన పోయినప్పటి నుంచి నా కళ్ల ముందు నిలుస్తున్నది మస్కట్ నుంచి మేము బయలుదేరిన పొద్దు. విమానానికి గంటన్నర సమయం ఉంది. అమ్మాయి పిల్లకు నీళ్లు తాగించడానికి అవతలికి తీసుకెళ్లింది. తండ్రీ కొడుకులు నా ఎదురుగా బెంచీ మీద కూర్చున్నారు. ఆయన కొడుకు కుడిచెయ్యి తీసుకుని అరచెయ్యి పైకి తిప్పారు. వేళ్ల మొదట్లో నాలుగు బొబ్బలు, రెండు పగిలి ఉన్నాయి. సందుల్లో సిమెంటుకు చర్మం పగిలి ఎర్రగా ఉంది. ఆయన వంగి చూశారు. కోటు జేబులోంచి చిన్న కొబ్బరినూనె సీసా తీసి, ఒక్కొక్క వేలికీ నెమ్మదిగా రాశారు. రాయడం అయ్యాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. నూనె కోటుకు అంటుతోందని నేను చెప్పబోయి ఊరుకున్నాను. మా విమానానికి పిలిచేదాకా ఆయన దాన్ని అలాగే తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.